రోస్టు ఎండిపోయింది, అత్తగారికి కొవ్వు కావాలి, ఆయనకు వద్దు

ప్రశ్న: చిత్తూరు నుంచి ఒక గృహిణి రాసిన పెద్ద ఉత్తరం ఇది. సారాంశం ఇస్తున్నాం. ఆమెకు 48 ఏళ్లు. భర్తకు ఈమధ్య రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా తేలింది. డాక్టరు మాత్ర రాసి, కొవ్వు తగ్గించమన్నారు. ఇంట్లో ఆదివారమంటే పందిమాంసం వేపుడే. అది 76 ఏళ్ల అత్తగారి చేతి వంట, కొవ్వు కరిగి అందులోనే ముక్క వేగాలి. ఇంగ్లండ్‌లో ఉంటున్న కొడుకూ కోడలూ దీపావళికి వస్తున్నారు. అక్కడ ఆదివారం మధ్యాహ్నం తినే పోర్క్ రోస్టు, పక్కన గుమ్మడి, క్యారెట్, దుంపలతో ఇంట్లో అందరూ కలిసి తినాలని కొడుకు అడిగాడు. ఈవిడ ముందుగా ఒకసారి చేసి చూశారు. ఎముక లేని కిలో వీపు కండ తెచ్చి, 28 లీటర్ల ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, 200 డిగ్రీల మీద గంటన్నర పెట్టారు, కింద కూరగాయలు పరిచారు. మాంసం పీచులా ఎండిపోయింది, కూరగాయలు నీళ్లలో ఉడికినట్టయ్యాయి. "నేను ముందే చెప్తి కదా, కొవ్వు లేకుంటే అది పందికూరెట్ల అవుతాది?" అన్నారు అత్తగారు. భర్త ఊరగాయతో అన్నం తిని లేచారు. సరిగ్గా ఉడక్కపోతే పురుగులు మెదడుకు ఎక్కుతాయని అత్తగారు భయపెట్టడం వల్లే అంతసేపు పెట్టానంటున్నారు. వీటికి తోడు, తోటికోడలు పందిమాంసం ముట్టరు, దానితో కలిపి వండిన కూరగాయలూ తినరు. ఆమె అడిగింది: "ఇదంతా మానేసి మామూలు వేపుడే చేసెయ్యనా? ఆయన ముందర పెట్టకుండా మేమెట్ల తినేది?"

సమాధానం: అమ్మా, ఒకే ట్రేలో నలుగురి కోరికలూ పెట్టి తీర్చాలని చూశారు. భర్తకు కొవ్వు తక్కువ కావాలి, అత్తగారికి కొవ్వే కావాలి, అబ్బాయికి అక్కడి రుచి కావాలి, తోటికోడలికి అసలు ఆ వాసనే వద్దు. ఒక్క ముక్క ఇవన్నీ చెయ్యలేదు. కానీ ఒక్క పూట వంటలో వీటిని విడదీసి తీర్చవచ్చు.

ముందు మీవారి సంగతి. పందిలో ఏ భాగం అన్నదాన్ని బట్టి లెక్క పూర్తిగా మారిపోతుంది. పొట్ట భాగంలో 100 గ్రాముల పచ్చి మాంసానికి సగం పైన కొవ్వే. వెన్నెముకకు రెండు పక్కలా పొడుగ్గా ఉండే వీపు కండను బాగా చెక్కేస్తే అదే 100 గ్రాములకు అయిదారు గ్రాములు. వెన్నెముక లోపలివైపు సన్నగా ఉండే మెత్తటి కండలో మూడు నాలుగు గ్రాములే. తోలు తియ్యని కోడి తొడలో దీనికంటే ఎక్కువ ఉంటుంది. కొలెస్ట్రాల్ మాత్రం కండలో అయినా కొవ్వులో అయినా ఇంచుమించు ఒకటే. రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు, అది తగ్గేది భాగం మార్చినప్పుడు. అందుకని డాక్టరు దగ్గర "పందిమాంసం తినొచ్చా" అని అడక్కండి, వద్దనే అంటారు. "కొవ్వు చెక్కేసిన వీపు కండ, వండాక 100 గ్రాములు, నెలకు ఒకటి రెండుసార్లు తినొచ్చా" అని అడగండి. యూరిక్ యాసిడ్, రక్తపోటు ఉంటే ఆ మాటా చెప్పండి. డాక్టరు వద్దంటే వద్దే. అప్పుడు మీవారికి కూరగాయలతో పాటు తోలు తీసిన కోడి రొమ్ము కండ అదే మసాలాతో వేరే పెట్టండి. పండగ రోజు అందరిముందూ పళ్లెంలో ఏమీ లేకుండా ఆయన్ను కూర్చోబెట్టవద్దు.

మీరు ఎంచుకున్న ముక్కలో తప్పు లేదు. వేడి దగ్గరే దెబ్బతిన్నది. వీపు కండలో కొవ్వూ తక్కువే, నరాల్లాంటి బంధకణజాలమూ తక్కువే. లోపలి వేడి 65 డిగ్రీలు దాటినప్పటి నుంచి కండ బిగుసుకుని తనలోని నీటిని పిండేస్తుంది. 75 దాటితే మిగిలేది పీచే. 200 డిగ్రీల మీద గంటన్నర ఉంచిన కిలో ముక్క లోపల 85కి తక్కువ ఉండి ఉండదు. ఎక్కువసేపు ఉడికితే మెత్తబడుతుందన్నది జబ్బ ముక్కకు నిజం. దానిలోని బంధకణజాలం 80, 90 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉంటే కరిగి జిగురవుతుంది. వీపు కండలో కరగడానికి అదే లేదు. అత్తగారి అనుభవమంతా జబ్బ, పొట్ట ముక్కలతో, కాబట్టి ఆమె మాట ఆ ముక్కల విషయంలో ఖచ్చితంగా సరైనదే.

పురుగుల భయం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ భయమే మీ రోస్టును ఎండబెట్టింది. బయట తిరిగే పందుల మాంసంలో బద్దెపురుగు పిల్లల బుడగలు ఉండవచ్చు. సరిగ్గా ఉడక్కుండా తింటే మన పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకు చేరేది మాత్రం ఆ పురుగు గుడ్ల నుంచి వచ్చేవి. ఆ గుడ్లు పురుగున్న మనిషి మలం నుంచి నీళ్లలోకి, నేల మీది ఆకుకూరల్లోకి, కడగని చేతుల్లోకి వస్తాయి. కాబట్టి మాంసాన్ని ఎంత జాగ్రత్తగా కాలుస్తారో, పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్‌ను అంత జాగ్రత్తగా కడగాలి. మాంసం కోసేటప్పుడు సగ్గుబియ్యం గింజలంత తెల్లటి బుడగలు కనబడితే ఆ మాంసం మొత్తం వదిలెయ్యండి, ఉడికించి తిందామని చూడొద్దు. ఇక వేడి. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పంది కండ పెద్ద ముక్కలకు 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాలు పక్కన ఉంచితే చాలని చెప్పింది. అంతకుముందు 71 అనేవారు. అక్కడి పెంపకం, తనిఖీ వేరు. మన ఊరి దుకాణంలో కొన్న మాంసానికి పాత లెక్క 71 పట్టుకోండి. భయానికి అది చాలు, రుచికీ అది సరిపోతుంది. దీనికి మాంసంలో గుచ్చే డిజిటల్ థర్మామీటరు కావాలి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఇది లేకుండా వీపు కండ మళ్లీ చెయ్యొద్దనే నా గట్టి సలహా. రంగు చూసి, కారే రసం చూసి చెప్పడం నమ్మదగ్గది కాదు. 71 దగ్గర కూడా మధ్యలో లేత గులాబీ ఛాయ ఉండొచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, అబ్బాయి అడిగిన రోస్టే, వీపు కండతో. అక్కడి రుచికి ఇదే దగ్గర, కొవ్వూ తక్కువ, కానీ పది నిమిషాలు ఏమరితే మళ్లీ ఎండుతుంది. రెండోది, ఎముక తీసిన తొడ కండ కిలోన్నర. ట్రేలో అరకప్పు నీళ్లు పోసి, పైన అల్యూమినియం ఫాయిల్ బిగించి, 150 డిగ్రీల మీద రెండున్నర గంటలు ఉంచి, ఫాయిల్ తీసి 220 మీద పావుగంట రంగు రానివ్వాలి. ఇది లోపల 85 దాటాలి, అప్పుడే మెత్తబడుతుంది. సమయం అటూ ఇటూ అయినా క్షమిస్తుంది. పలచటి ముక్కలుగా కాకుండా పొరలుగా విడిపోతుంది, కొంచెం పొడిగా ఉంటుంది కాబట్టి గ్రేవీ ఎక్కువ కావాలి. మూడోది ఓటీజీయే అవసరం లేనిది. జబ్బ ముక్కలు ఉప్పు, మిరియాలు, కాసిని నీళ్లతో కుక్కర్లో నాలుగైదు విజిళ్లు రానిచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు తెల్లగా పైన గడ్డకడుతుంది. దాన్ని తీసేసి, ముక్కల్ని పెనం మీద ఎర్రగా వేయించాలి. అత్తగారి వేపుడుకు ఇది దగ్గర, ఆమె వేపుడుకంటే బాగా తేలిక. కానీ ముక్క లోపలి కొవ్వు కొంత ఉండిపోతుంది, అబ్బాయి అడిగింది మాత్రం ఇది కాదు.

థర్మామీటరు కొంటానంటే మొదటిదే చెయ్యమంటాను. కొనడం కుదరదంటే రెండోది.

మొదటిదాని వివరం. ఇక్కడ దుకాణాల్లో మాంసం ఎముకతో సహా ముక్కలు కొట్టి ఇస్తారు, కాబట్టి రెండు రోజుల ముందే చెప్పాలి: వీపు కండ, ఎముక తీసి, కొట్టకుండా పొడుగ్గా, కిలో రెండు వందల గ్రాములు. పైన ఉన్న తోలును కింది కొవ్వుతో కలిపి ఒకే పలకగా విడదీసి విడిగా ఇమ్మనండి, అది పారేసేది కాదు. ఫారం పందిదా అని అడగండి. లార్జ్ వైట్ యార్క్‌షైర్ రకానివి, దేశవాళీతో కలిపి తిరుపతి పశువైద్య కళాశాల పరిశోధనలో తయారైన టీ-17 లాంటివి షెడ్డులో దాణా మీద పెరుగుతాయి. బుడగల భయం తక్కువ, కండ మీద కొవ్వూ తక్కువ. కొవ్వు తక్కువంటే త్వరగా ఎండుతుందనీ గుర్తుపెట్టుకోండి. పొద్దున కోసిన మాంసం మధ్యాహ్నానికే వండితే కండ ఇంకా బిగుసుకునే ఉంటుంది. శనివారం తెచ్చి ఆదివారం వండండి.

శనివారం సాయంత్రం కండ మీద మూడు మిల్లీమీటర్ల కొవ్వు పొర మాత్రం ఉంచి మిగతాది చెక్కెయ్యండి. ఆ కాస్తా ఉండనివ్వండి, పైభాగం ఎండకుండా కాపాడుతుంది, తినేటప్పుడు మీవారి ముక్కకు తీసెయ్యవచ్చు. 12 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన రెండు టీ స్పూన్లు, అన్ని వైపులా రాసి మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా ఉంటే ఉప్పు లోపలికి దిగి, కాలేటప్పుడు కండ నీటిని పట్టి ఉంచుతుంది. వండే ముందు రాసిన ఉప్పు పైపైనే ఉండి నీరు తోడుతుంది. పొద్దున పైన తడి తుడిచి, టేబుల్ స్పూను ధనియాలు, ఒకటిన్నర టీ స్పూన్ల సోంపు, టీ స్పూను మిరియాలు దోరగా వేయించి బరకగా దంచి, రెండు టీ స్పూన్ల వేరుశనగ నూనెతో కలిపి పట్టించండి. అక్కడ రోజ్‌మేరీ, సేజ్ ఆకులు వాడతారు. సోంపు కూడా పరాయిది కాదు, ఇటలీలో పంది రోస్టుకు అదే ముఖ్యం. వెల్లుల్లి ముద్ద పైన రాయకండి, 220 దగ్గర మాడి చేదవుతుంది. రెబ్బల్ని చీల్చి, కండలో కత్తితో గాట్లు పెట్టి లోపలికి దోపండి. కారంపొడి కూడా అంతే, మాడుతుంది. రెండంగుళాలకొకచోట నూలు దారంతో కట్టండి. సన్నటి చివర మడిచి కట్టకపోతే అది ముందే ఎండిపోతుంది.

ఫ్రిజ్ లోంచి తీసి అరగంట బయట ఉంచి, 220 డిగ్రీలకు పావుగంట వేడెక్కిన ఓటీజీలో, ట్రే మీద జాలీ పెట్టి దాని మీద కండ ఉంచండి. జాలీ లేకపోతే అడుగున కారిన నీళ్లలో ఉడుకుతుంది. ట్రేలో కప్పు నీళ్లు పోస్తే కారిన రసం మాడదు. పైరాడ్డుకు దగ్గర పెట్టకండి, కింది గాడిలో ఉంచండి. పావుగంట తర్వాత 160కి తగ్గించండి. అక్కడి నుంచి 40 నిమిషాలకు థర్మామీటరు పక్కనుంచి సరిగ్గా మధ్యకు గుచ్చి చూడండి, తర్వాత ఏడెనిమిది నిమిషాలకొకసారి. 68 చూపగానే బయటికి తియ్యండి. వదులుగా ఫాయిల్ కప్పితే తనంతట అదే 71కి చేరుతుంది. మీ ఓటీజీ గుండ్రని మీట చూపే అంకె నిజం వేడికి పది ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చు, అందుకే గడియారాన్ని కాదు, థర్మామీటరును నమ్మమనడం. దీపావళి రోజుల్లో ఈశాన్య రుతుపవనాల వానకు కరెంటు పోతే తలుపు తెరవకండి. చాలాసేపు రాకపోతే మందపాటి గిన్నెలోకి మార్చి, మూతపెట్టి, సన్నటి సెగ మీద అదే 68 దాకా తీసుకెళ్లండి.

అత్తగారికి ఆ తోలు పలక. తోలు మీద సన్నగా గాట్లు పెట్టి, చిటికెడు ఉప్పు రాసి, రాత్రంతా ఫ్రిజ్‌లో తెరిచి ఆరనివ్వండి. ఆదివారం కండ కంటే ముందు, జాలీ మీద 220లో అరగంట పెడితే కరకరలాడుతుంది. అక్కడ దీన్నే క్రాక్లింగ్ అంటారు, అబ్బాయి కూడా అడుగుతాడు. మెత్తబడితే వడ్డించే ముందు మూడు నిమిషాలు వేడి చెయ్యండి. దీన్ని వేరే పళ్లెంలో, అత్తగారికి దగ్గరగా పెట్టండి. కొవ్వు కావలసినవాళ్లకు కొవ్వు దొరికింది, కండలో మాత్రం లేదు. మీవారు ఒక ముక్క తీసుకుంటే గొడవ చెయ్యొద్దు, రెండో ముక్కకు మాత్రం చెప్పండి.

కూరగాయలు ఎందుకు ఉడికిపోయాయో ఇప్పుడు తెలిసే ఉంటుంది: మాంసం కింద పరిచారు, రసమంతా వాటి మీద కారింది, ట్రేలో కిక్కిరిసి ఉన్నాయి. కూరగాయ ఎర్రబడాలంటే దాని నీరు ఆవిరై పోవాలి, పక్కన ఖాళీ ఉండాలి. మీ ట్రేలో ఒకే వరుసగా పట్టేది 700 గ్రాములే. ఎనిమిది మందికి రెండు కిలోల దాకా కావాలి, ఎందుకంటే మూడో వంతు తగ్గుతుంది, తేలికగా తినాలంటే పళ్లెంలో సగం పైన కూరగాయలే ఉండాలి. అందుకని ఎక్కువ భాగం గ్యాస్ మీద, పెద్ద ఇనుప పెనం మీదే చెయ్యండి. తోటికోడలి ప్రశ్న కూడా దీంతో తీరుతుంది: కొత్త నూనె, మాంసం తగలని గరిటె, మాంసం పని మొదలుకాకముందే చేసి పక్కన పెట్టిన గిన్నె. అయినా ముందే ఆవిడనే అడగండి, ఆ వంటింట్లో వండినా తింటారా అని. ఇష్టం లేదంటే ఆమె వాటా ఆమె ఇంట్లోనే వండి తెచ్చుకుంటే నొచ్చుకోకండి.

ఆ రోజులకు పలమనేరు, వి.కోట వైపు నుంచి క్యాబేజీ, బీన్స్, కాలీఫ్లవర్ వస్తుంటాయి. తియ్యగుమ్మడి, గెనుసుగడ్డ, క్యారెట్, ముల్లంగి, సాంబారు ఉల్లిపాయలు తీసుకోండి. బీట్‌రూట్ కావాలంటే వేరుగా చెయ్యండి, అన్నిటికీ రంగు పూస్తుంది. ముక్కల సైజు ఒకేలా ఉండకూడదు. గట్టిగా ఉండే క్యారెట్ ముప్పావు అంగుళం, గెనుసుగడ్డ అంగుళం, తొందరగా మెత్తబడే గుమ్మడి అంగుళంన్నర, తోలుతోనే. క్యారెట్, గెనుసుగడ్డ ముందు అయిదు నిమిషాలు ఆవిరి మీద పెట్టి, బట్ట మీద పరిచి తడి ఆరనివ్వండి. గెనుసుగడ్డ నెమ్మదిగా వేడెక్కితే దాని పిండి చక్కెరగా మారి ఇంకా తియ్యగా అవుతుంది. కిలో ముక్కలకు ఒక టేబుల్ స్పూను నూనె చాలు, చేత్తో పట్టించాలి, పైనుంచి పోస్తే సగం ముక్కలకు అందదు. పెనం బాగా కాలాక కోసిన వైపు కిందికి పెట్టి నాలుగు నిమిషాలు కదపకండి. కదుపుతూ ఉంటే ఎప్పటికీ ఎర్రబడవు. తిప్పి, మూతపెట్టి సన్న సెగ మీద అయిదు నిమిషాలు, మూత తీసి పెద్ద మంట మీద రెండు నిమిషాలు. గుమ్మడికి ఉప్పు చివర్లోనే, ముందు వేస్తే నీరు వదులుతుంది. ముల్లంగి ఎర్రగా కాలితే ఘాటు పోయి తియ్యబడుతుంది, అత్తగారికి నచ్చుతుందనే అనుకుంటున్నాను. మిగతా 700 గ్రాములు, ఉల్లిపాయలతో కలిపి, కండ బయటికి తియ్యగానే 230లో పాతిక నిమిషాలు. ఆ సమయం కండకు విశ్రాంతి.

గ్రేవీకి ట్రేలోని రసాన్ని కప్పున్నర వేడినీళ్లతో గీకి, స్టీలు చెంబులో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచితే కొవ్వు పైకి తేలుతుంది. గరిటెతో దాన్ని తీసెయ్యండి. కాలిన ఉల్లిపాయలు నాలుగు మెదిపి కలిపి మరిగిస్తే పిండి లేకుండానే చిక్కబడుతుంది. అక్కడ పంది రోస్టు పక్కన పెట్టుకునే యాపిల్ సాస్ అంటే రెండు యాపిళ్లు, పావు కప్పు నీళ్లు, చిన్న అల్లం ముక్క వేసి ఉడికించి మెదపడమే. పంచదార వద్దు, పులుపు చాలకపోతే నిమ్మరసం. అక్కడి బంగాళాదుంపల బదులు చిన్న రాగిసంగటి ముద్ద పెడితే ఈ గ్రేవీకి చక్కగా కుదురుతుంది.

కండను పీచుకు అడ్డంగా, అయిదు మిల్లీమీటర్ల మందాన కొయ్యండి. పీచు వెంట కోస్తే సరిగ్గా కాలిన కండ కూడా నమలడానికి గట్టిగా తగులుతుంది. మనిషికి నాలుగైదు ముక్కలు, అదే 100 గ్రాములు. మిగిలినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు మళ్లీ కాల్చకుండా, సన్నగా చీల్చి వేడి గ్రేవీలో బాగా పొగలు వచ్చేదాకా కలిపితే చాలు.

తేదీ ఒకటి చూసుకోండి. మీ ఇంట్లో ఎవరైనా కార్తీకంలో మాంసం మానేవాళ్లుంటే దీపావళికి ముందు వచ్చే ఆదివారమే పెట్టుకోవాలి. దానికి వారం ముందు, అందరినీ పిలవకుండా, వెన్నెముక లోపలి సన్నటి కండ ఒకటి తెచ్చి చూడండి. 300, 400 గ్రాములే ఉంటుంది. గంటసేపు ఉప్పు పట్టించి, పెనం మీద అన్నివైపులా రంగు వచ్చాక 180లో పెట్టి, పన్నెండో నిమిషం నుంచి థర్మామీటరు చూస్తూ 68కి తియ్యండి. ఆ రోజు అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని అంకె ఆమెకే చూపించండి, కోసి మొదటి ముక్క ఆమెకే ఇవ్వండి. ఆమె ఒప్పుకోకపోతే పెద్ద రోజున మూడో దారిలో అరకిలో జబ్బ ముక్కలు కూడా చెయ్యండి, ఆమె చేతితోనే. శనివారమే ఉడికించి కొవ్వు తీసి ఉంచుకుంటే ఆదివారం పెనం మీద పది నిమిషాల పని.